క్లోజ్డ్ ప్రైమరీలో తెలుగు ఇళ్ల తలుపులు: మేరీలాండ్ 2022 కేస్ స్టడీ

2022 జులై 19న మేరీలాండ్ డెమొక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఎన్నికలో, గవర్నర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అభ్యర్థిగా వెస్ మూర్, ఆయన జోడీగా లెఫ్టినెంట్ గవర్నర్ అభ్యర్థి అరుణా మిల్లర్ గెలిచారు. ఈ జోడీకి సుమారు 32 శాతం ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న టామ్ పెరెజ్‌కి 30 శాతం, పీటర్ ఫ్రాంచాట్‌కి 21 శాతం. రాష్ట్రం మొత్తం మీద తేడా పదిహేను వేల చిల్లర. అరుణ గారు హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్లప్పుడు అమెరికా వచ్చిన తెలుగావిడ కాబట్టి, మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ గెలుపు వెంటనే "మనవాళ్ల ఓట్లతో గెలిచింది" అయిపోయింది. రహస్య బ్యాలెట్ కాబట్టి అది నిజమని గానీ కాదని గానీ ఎవరూ నిరూపించలేరు.

మాంట్‌గోమరీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉత్తరాన జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్, బాయిడ్స్ వైపు తెలుగు ఇళ్ల జాబితా పని చూసిన వాలంటీర్‌ని నేను. నాకు తెలిసింది ఇంతకంటే చిన్న విషయం, కానీ పనికొచ్చేది: అభిమానం ఓటుగా మారేలోపు ఎక్కడెక్కడ రాలిపోతుంది, దాన్లో ఎంత ఆపగలం అన్నది.

ఇండియాలో చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. మన దగ్గర టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫాం చేతికొచ్చేదాకా టెన్షనే. మేరీలాండ్‌లో ఆ నిర్ణయం ఓటర్లది. అయితే అందరు ఓటర్లదీ కాదు. ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఏ పార్టీ అని రాశారో ఆ పార్టీ ప్రైమరీలోనే ఓటేయాలి, క్లోజ్డ్ ప్రైమరీ అంటే ఇదే. ఏ పార్టీ పేరూ రాయనివాళ్లకి ఆ జులైలో మా కౌంటీలో చేతికి వచ్చింది స్కూల్ బోర్డు పోటీ మాత్రమే ఉన్న బ్యాలెట్. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ నామినేషన్ దగ్గర్నుంచే జోడీగా దిగుతారు, బ్యాలెట్ మీద ఇద్దరి పేర్లూ కలిసే ఉంటాయి. సగం ఓట్లు దాటాలన్న నియమం లేదు, రెండో రౌండ్ లేదు. ఎక్కువమంది నిలబడితే మూడో వంతు ఓట్లతోనే టికెట్ దక్కుతుంది. ఇక మా కౌంటీ లాంటి చోట డెమొక్రటిక్ ప్రైమరీ గెలిస్తే నవంబర్ ఎన్నిక దాదాపు లాంఛనం. అసలు పోటీ జులైలోనే.

2018 నుంచి వచ్చిన పాఠం

అరుణ గారి పేరు తెలుగు ఇళ్లలో 2022లో కొత్తగా వినపడింది కాదు. మాంట్‌గోమరీ కౌంటీ రవాణా విభాగంలో చాలా ఏళ్లు ఇంజినీరుగా పనిచేసి, 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకి ఎన్నికయ్యారు. 2018లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు)లో మేరీలాండ్ ఆరో నియోజకవర్గం సీటు కోసం డెమొక్రటిక్ ప్రైమరీలో నిలబడ్డారు. ఎదురుగా డేవిడ్ ట్రోన్, మద్యం దుకాణాల గొలుసు యజమాని, సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా పెట్టారు. ట్రోన్‌కి 40 శాతం, అరుణ గారికి 31 శాతం దాకా వచ్చాయి.

అది జాతీయ పదవికి జరిగిన పోటీ, అయినా మా పనికి పునాది అక్కడే పడింది. ఆ ఎన్నిక తర్వాత చాలామంది తేల్చిన లెక్క "డబ్బు చాలక ఓడిపోయాం" అని. డబ్బు సంగతి నిజమే. కానీ ఆ ఏడాది ఓటింగ్ రోజు పోలింగ్ కేంద్రం దాకా వెళ్లి, "మీకు ఈ పోటీలో ఓటు లేదండి" అనిపించుకుని వెనక్కి వచ్చిన తెలుగువాళ్ల కథలు నేను ఎన్నో విన్నాను. డబ్బు మన చేతిలో ఉండకపోవచ్చు, ఇది మాత్రం మన చేతిలో పనే కదా. 2021 డిసెంబర్‌లో మూర్ తన జోడీగా అరుణ గారిని ప్రకటించాక మేం మొదలుపెట్టింది ప్రచారం కాదు, ఈ లెక్క సరిచేయడం.

జల్లెడ

ఒక తెలుగు ఇంట్లో భోజనాల దగ్గర అరుణ గారి పేరు చెప్తే అందరూ "మన అమ్మాయే కదా, మా సపోర్ట్ ఉంటుంది" అంటారు. ఆ అందర్నీ జల్లెడ పట్టి చూడండి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు. గ్రీన్ కార్డ్ ఉన్నా ఓటు లేదు. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చిన అత్తమామలకి ఎలాగూ లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లలో కొందరు ఓటరుగా నమోదు కాలేదు. నమోదైనవాళ్లలో చాలామంది పార్టీ గడి ఖాళీగా వదిలేశారు. పార్టీ రాసినవాళ్లలో కొందరు జులైలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటారు. మిగిలినవాళ్లు ఓటేస్తారు, అదీ గుర్తుంటే.

అన్నిటికంటే మింగుడుపడనిది పార్టీ గడి ఖాళీగా ఉండటం. తలుపు దగ్గర అడిగితే ఎవరూ "నేను ఏ పార్టీ కాదు" అనరు. "మేం డెమొక్రాట్లమే అండి, ఒబామాకి రెండుసార్లు వేశాం" అంటారు. నవంబర్‌లో ఎవరైనా ఎవరికైనా వేయొచ్చు కాబట్టి వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. రికార్డు చూస్తే మాత్రం పార్టీ లేదు. డ్రైవింగ్ లైసెన్స్ పనిమీద వెళ్లినప్పుడో, పౌరసత్వ ప్రమాణం రోజునో ఫారం నింపారు. పార్టీ ఏదని అడిగిన గడి దగ్గర "మనకెందుకొచ్చిన గొడవ" అని వదిలేశారు. పార్టీ రాస్తే చందా కట్టాలనో, మీటింగులకి పిలుస్తారనో అనుమానం. ఇంకొందరికి ఆఫీసులో తెలుస్తుందన్న భయం. చందా లేదు, మీటింగులూ లేవు. కానీ ఓటరు జాబితాలో పార్టీ పేరు చట్టం ప్రకారం అడిగిన మేరీలాండ్ ఓటర్లకి దొరుకుతుంది, ఆ సంగతి దాచకుండా చెప్పాలి. చెప్తే నలుగురిలో ఒకరు వెనక్కి తగ్గొచ్చు గానీ, మిగతా ముగ్గురు మనల్ని నమ్ముతారు.

పార్టీ మార్చుకోవడానికి గడువు ప్రైమరీకి మూడు వారాల ముందు ముగుస్తుంది. మేరీలాండ్‌లో పోలింగ్ రోజున కూడా కొత్తగా ఓటరు నమోదు చేసుకోవచ్చు. కానీ ముందే నమోదై ఉన్నవాళ్లు ఆ రోజు పార్టీ మార్చుకోలేరు. ఈ తేడా ఎంత చెప్పినా కొందరికి ఎక్కలేదు. "ఆ రోజు అక్కడే చేసుకుందాం లే" అన్నవాళ్లకి పోలింగ్ కేంద్రంలో ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్ ఇస్తారు, రికార్డులో పార్టీ లేకపోతే పార్టీ పోటీల్లో ఆ ఓటు లెక్కకి రాదు.

అసలు ప్రైమరీ జూన్ 28న జరగాల్సింది. నియోజకవర్గాల హద్దుల మీద కేసులు నడుస్తుండటంతో రాష్ట్ర అత్యున్నత కోర్టు మార్చిలో దాన్ని జులై 19కి వాయిదా వేసింది. ఇది మాకు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. పార్టీ మార్పు గడువు జూన్ 7 నుంచి జూన్ 28కి జరిగింది, మూడు వారాలు అదనంగా దొరికాయి. కానీ జులై నడిమధ్య అంటే స్కూళ్లకి సెలవులు. కోవిడ్ వల్ల రెండేళ్లు ఇండియా వెళ్లలేని కుటుంబాలన్నీ 2022 వేసవికే టికెట్లు తీసుకున్నాయి.

జాబితా ఎలా తయారైంది

డెమొక్రటిక్ అభ్యర్థుల ప్రచారాలు ఎక్కువగా ఓటరు డేటాకి వ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి. ఎవరు ఏ పార్టీ, వయసెంత, గతంలో ఏయే ఎన్నికల్లో ఓటేశారు అన్నది అందులో ఉంటుంది. ఎవరికి వేశారన్నది ఉండదు. తలుపులు తట్టేవాళ్లు ఫోన్లో మినీవ్యాన్ యాప్ పెట్టుకుని, మాట్లాడాక 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. 1 అంటే గట్టి మద్దతు, 5 అంటే ఖాయంగా అవతలి పక్షం.

అందులో తెలుగువాళ్లని వెతకడం ఒక విద్య. సాఫ్ట్‌వేర్ పేరుని బట్టి జాతి ఊహిస్తుంది, కానీ తెలుగూ గుజరాతీ తేడా దానికి తెలియదు. రెడ్డి, నాయుడు అని వెతికితే కొందరు దొరుకుతారు. రావు అని కొడితే మంగళూరు కొంకణీవాళ్లూ వస్తారు. చౌదరి అంటే బంగ్లాదేశ్ దాకా పోతుంది. ఇంటిపేరు చివర రాసుకున్నవాళ్లని ఇంటిపేర్లు తెలిసిన పెద్దావిడ ఒకరు పక్కన కూర్చుని "ఈయన మనవాడే, గుంటూరు వైపు" అంటూ చూపించాల్సిందే. పాస్‌పోర్టులో పేరు తిరగబడి, వెంకట అనో సాయి అనో ఇంటిపేరు గడిలో ఉన్నవాళ్లు ఎందరో. మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడ్డవాళ్లూ ఉన్నారు, "మొదటి పేరు తెలియదు" అని దానర్థం, పాపం. భార్యాభర్తల చివరి పేర్లు వేరైతే సాఫ్ట్‌వేర్ వాళ్లని రెండు కుటుంబాలుగా చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఉర్దూ కుటుంబాలు పేర్ల వెతుకులాటలో అసలు తగలవు. వాళ్లని స్నేహితుల ద్వారానే చేర్చాం.

పని మొదలైన చాలా వారాల పాటు మా చేతిలో అభ్యర్థి కరపత్రం కంటే ముందు ఉన్నది మూడు ప్రశ్నలు. సిటిజన్‌షిప్ వచ్చిందా? ఓటరు నమోదు అయిందా? పార్టీ ఏదని ఉంది? మొదటి ప్రశ్న వదిలేసి రెండోది అడగకూడదని అందరికీ గట్టిగా చెప్పాం. గ్రీన్ కార్డ్ ఉన్నాయన మొహమాటానికి ఫారం నింపితే, పౌరుడినని తప్పుగా చెప్పుకున్నట్టవుతుంది. దేశం నుంచి పంపించేసే దాకా పోయే వ్యవహారం అది. ఒక ఓటు కోసం ఎవరి ఇమిగ్రేషన్‌తోనూ ఆడుకోకూడదు.

మూడో ప్రశ్నకి "గుర్తు లేదు" అన్నవాళ్లతో అక్కడికక్కడే రాష్ట్ర ఎన్నికల బోర్డు వెబ్‌సైట్‌లో రికార్డు తెరిపించాం. డ్రైవింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే పార్టీ మార్చుకోవడం నిమిషాల పని. తలుపు దగ్గరే అయిపోతే అయినట్టు. "రాత్రికి చూసుకుంటా అన్నా" అన్నవాళ్లలో ఎక్కువమంది చూసుకోలేదు, మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

ఇళ్లలో పదిహేడేళ్ల పిల్లలు మాకు కలిసొచ్చారు. నవంబర్ ఎన్నికకి 18 నిండేవాళ్లు ప్రైమరీలో 17కే ఓటేయొచ్చు. చాలామంది తల్లిదండ్రులకి ఇది తెలియదు. పిల్లలు మాత్రం తమ ఓటు నమోదు చేసుకుంటూ అమ్మానాన్నల రికార్డు కూడా సరిచేయించారు. పిల్లలు వేరే అభ్యర్థి వైపు ఉన్న ఇళ్లూ ఉన్నాయి. ఈ పోటీలోనే అశ్వనీ జైన్ అనే భారతీయ అమెరికన్ యువకుడు గవర్నర్ పదవికి నిలబడ్డాడు. ఒక ఇంట్లో కొడుకు జైన్, తండ్రి పెరెజ్, తల్లి అరుణ గారు. పెరెజ్ కార్మిక శాఖ మంత్రిగా చేసినాయన, చదువుకున్న ఇళ్లలో ఆయనకి మంచి పేరుంది. "తెలుగు ఓటు" అంతా ఒకవైపు పడుతుందని అనుకున్నవాళ్లు తలుపులు తట్టి ఉండరు.

మాట కలిసింది అభ్యర్థి ఊరి పేరుతో కాదు, 270 హైవేతో. క్లార్క్స్‌బర్గ్ నుంచి కిందికి ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఆ ట్రాఫిక్ రోజువారీ నరకం. రోడ్ల ఇంజినీరుగా పనిచేసినావిడ అనగానే "అయితే చెప్పండి" అని తలుపు ఇంకాస్త తెరుచుకునేది. తెలుగావిడ అన్న మాట తలుపు దాకా తీసుకెళ్లింది, లోపలికి మాత్రం ఈ ట్రాఫిక్ కబుర్లే తీసుకెళ్లాయి.

ఓటు లేనివాళ్ల శక్తి

మా గుంపులో అందరికంటే చురుకైనవాళ్లలో చాలామందికి ఓటు లేదు. హెచ్-1బీ మీద ఉన్న కుర్రాళ్లు వారాంతం అంతా తిరిగేవారు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచేయడానికి అమెరికా చట్టం అడ్డు చెప్పదు. విరాళం ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోదు. ఈ నిషేధం కాంగ్రెస్ ఎన్నికలకే కాదు, రాష్ట్ర, కౌంటీ ఎన్నికలకీ వర్తిస్తుంది. ప్రచారం డబ్బు ఎలా ఖర్చుపెట్టాలన్న నిర్ణయాల్లో కూడా వాళ్లు కూర్చోకూడదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు. మేరీలాండ్‌లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి నాలుగేళ్ల కాలంలో 6,000 డాలర్ల వరకే ఇవ్వాలి.

ఈ నియమాలు చెప్పగానే మనవాళ్లకి వచ్చే మొదటి ఐడియా "మా బావ సిటిజన్, ఆయన పేరు మీద ఇస్తా, నేను ఆయనకి ఇచ్చేస్తా". అది నేరం. నవ్వుతూ చెప్పినా గట్టిగానే చెప్పాం, ఇలాంటిది ఒక్కటి బయటపడితే అభ్యర్థికే మచ్చ.

సంఘాలు, గుళ్ల సంగతి కూడా ఇలాగే. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలకి, లాన్‌హామ్ శివవిష్ణు గుడి లాంటి చోట్లకి పన్ను మినహాయింపు ఉంటుంది. అలాంటి సంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. మైకులో ఒక మాట అనిపించమని ఒత్తిడి చేసిన అత్యుత్సాహవంతుల్ని ఆపడం కూడా నా పనుల్లో ఒకటి.

ఆ ఏడాది ఆటా మహాసభలు జులై 1 నుంచి 3 వరకు వాషింగ్టన్ డీసీలోనే జరిగాయి. వేలమంది తెలుగువాళ్లు ఇంటి పక్కనే, ఇంతకంటే మంచి అవకాశం ఉంటుందా అని చాలామంది వాలంటీర్లని అక్కడికి పంపాలన్నారు. నా అభిప్రాయం వేరు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియావాళ్లు. పైగా జూన్ 28 గడువు దాటిపోయింది, అక్కడ పార్టీ గడి ఖాళీగా ఉన్న మేరీలాండ్ ఓటరు దొరికినా చేయగలిగింది లేదు. ఆ మూడు రోజులూ మా ఇళ్ల చుట్టూ పోస్టల్ బ్యాలెట్ల పని చేయడమే మేలని వాదించాను. కొందరు నొచ్చుకున్నారు. జనసమూహం చూస్తే మనకి సభ అనిపిస్తుంది, సభ అంటే బలం అనిపిస్తుంది. ఆ అలవాటు విజయవాడలోనూ అంతే, డీసీలోనూ అంతే.

జులై

జూన్ 28 తర్వాత పని స్వభావం మారిపోయింది. ఇక కొత్తవాళ్లని చేర్చలేం, ఉన్నవాళ్లతో ఓటు వేయించాలి. ముందస్తు ఓటింగ్ జులై 7 నుంచి 14 దాకా. ఇండియా ప్రయాణం ఉన్నవాళ్ల జాబితా విడిగా తీసి, విమానం తేదీని బట్టి విడదీశాం. 7 తర్వాత బయల్దేరేవాళ్లు ముందస్తు ఓటింగ్‌కి. అంతకంటే ముందు వెళ్లేవాళ్లు పోస్టల్ బ్యాలెట్‌కి. మేరీలాండ్‌లో బ్యాలెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో ప్రింట్ తీసుకోవచ్చు. కానీ ఆన్‌లైన్‌లో తిరిగి పంపలేరు, కవరులో పెట్టి, ప్రమాణం మీద సంతకం చేసి, పోస్టులోనో డ్రాప్ బాక్సులోనో వేయాలి. హైదరాబాద్ నుంచి పోస్టులో పంపితే టైముకి చేరుతుందన్న నమ్మకం లేదు, అందుకే విమానం ఎక్కే ముందు వేసేయమని పట్టుబట్టాం. సూట్‌కేసులు తూకం వేసుకుంటున్న ఇంట్లోకి వెళ్లి "ఆంటీ, కవరు మీద సంతకం పెట్టారా?" అని అడగడం కొంచెం ఇబ్బందే. కానీ ఆ సంతకం లేకపోతే ఓటు ఆగిపోతుంది.

బ్యాలెట్ పొడుగు ఇంకో సమస్య. కంప్ట్రోలర్ (రాష్ట్ర ఖజానా చూసే పదవి), అటార్నీ జనరల్, రాష్ట్ర సెనేటర్, ప్రతినిధులు, కౌంటీ ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలన చూసే పదవి), కౌన్సిల్, చివరికి పార్టీ కమిటీ సభ్యుల దాకా ఉంటుంది. అరుణ గారి కోసం వచ్చినవాళ్లు బయట మా టెంట్ దగ్గర ఆగి "కింద వీళ్లంతా ఎవరండీ?" అని అడిగేవారు. నమూనా బ్యాలెట్ ఇంటికి ముందే పంపి, ఇంట్లోనే చూసుకుని రమ్మన్నాం. ఆ కింది భాగం ఎంత ముఖ్యమో అదే బ్యాలెట్ చూపించింది: మాంట్‌గోమరీ కౌంటీ ఎగ్జిక్యూటివ్ ప్రైమరీలో మార్క్ ఎల్రిచ్, డేవిడ్ బ్లెయిర్ మధ్య రీకౌంటింగ్ తర్వాత మిగిలిన తేడా 32 ఓట్లు. 2018లో కూడా ఇద్దరి మధ్యా 77 ఓట్ల తేడానే. ఒక టౌన్‌హౌస్ కాలనీ ఇండియా వెళ్తే పోయే సంఖ్య అది.

ఫలితం ఆ రాత్రి రాలేదు. పోస్టల్ బ్యాలెట్లని ముందుగా లెక్కపెట్టేందుకు వీలిచ్చే బిల్లుని అప్పటి గవర్నర్ లారీ హోగన్ వీటో చేయడంతో, వాటి లెక్కింపు గురువారం జులై 21న గానీ మొదలుకాలేదు. మూర్ ఆధిక్యం ఉన్నా అంతరం చిన్నది, పెట్టెల్లో కవర్లు చాలా ఉన్నాయి. శుక్రవారం రాత్రి గానీ గెలుపు ఖాయమన్న కబురు రాలేదు. ఆ నవంబర్ ఎన్నికకి కోర్టు ఉత్తర్వుతో, తర్వాత 2023 చట్టంతో లెక్కింపు ముందుకు జరిగింది.

మా పని వల్ల ఎంత?

మా కౌంటీలో మొదట వచ్చింది పెరెజ్. మూర్ జోడీకి బలం బాల్టిమోర్ నగరం, ప్రిన్స్ జార్జెస్ కౌంటీ. ఆయన వెనక రాష్ట్ర టీచర్ల సంఘం ఉంది, అమెరికా కాంగ్రెస్‌లో డెమొక్రాట్ల సీనియర్ నాయకుడు స్టెనీ హోయర్ ఉన్నారు, ఓప్రా విన్‌ఫ్రీ ప్రచారం చేసింది. పెరెజ్‌కి నాన్సీ పెలోసీ, వాషింగ్టన్ పోస్ట్ పత్రిక మద్దతిచ్చాయి. ఇంత పెద్ద పోటీలో తెలుగు ఇళ్ల వల్లే గెలిచామనడం గొప్పలకి పోవడమే. అయితే రాష్ట్రవ్యాప్త పోటీలో కౌంటీ ఎవరు గెలిచారన్నదానికి విలువ లేదు, ఎదుటివాడి కోటలో తగ్గించిన ప్రతి ఓటూ మొత్తం లెక్కలో కలుస్తుంది. పదిహేను వేల తేడాలో మా వాటా ఎంతో చెప్పలేను, సున్నా మాత్రం కాదు.

లెక్కకి దొరికేది ఒకటుంది. ఎన్నిక ముగిశాక కొన్ని నెలలకి ఎవరెవరు ఓటేశారన్నది ఓటరు జాబితాలో ఎక్కుతుంది. మేం 1 మార్కు వేసిన ఇళ్లని దానితో సరిపోల్చాం. తలుపు దగ్గరే రికార్డు సరిచేసినవాళ్లు, ప్రయాణానికి ముందే బ్యాలెట్ వేయించినవాళ్లు దాదాపు అందరూ ఓటేసినట్టు కనిపించింది. "తప్పకుండా వేస్తాం" అని మాటిచ్చి, చేతిలో ఏ తేదీ లేనివాళ్ల దగ్గరే ఖాళీలు. వాట్సాప్ గ్రూపులో జెండాలు, దండాలు పెట్టిన పెద్దమనుషుల్లో కొందరి పేర్ల పక్కన 2022 ప్రైమరీ గడి ఖాళీగానే ఉంది. వాళ్ల పేర్లు ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా.

నవంబర్‌లో మూర్, మిల్లర్ జోడీకి 64 శాతం దాటి ఓట్లు వచ్చాయి. 2023 జనవరి 18న అరుణ గారు భగవద్గీత మీద చేయిపెట్టి ప్రమాణం చేశారు. ఆ ఫొటో హైదరాబాద్ పేపర్లలో కూడా వచ్చింది. ఆ వారమే మేం జాబితా మళ్లీ తెరిచాం. అభ్యర్థి ఎవరూ లేని చలికాలంలో, కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లకి ఫోన్ చేసి మూడో ప్రశ్న అడగడం సులువు. ఎవరి కోసమో అడుగుతున్నారన్న అనుమానం ఉండదు, గడువు తరుముకురాదు, "రాత్రికి చూసుకుంటా" అన్నవాళ్లకి ఇంకో వారం ఆగి మళ్లీ ఫోన్ చేయొచ్చు.